నలభై మూడు సవరణలు

పక్షవాతం మా అక్క మాటనూ కుడి చేతినీ తీసుకుపోయింది. వెటకారాన్ని మాత్రం ముట్టుకోలేదు. పునరావాస కేంద్రం వారు ఆమెకొక ట్యాబ్ ఇచ్చారు. అందులోని ప్రోగ్రాం, తెర మీద తాకిన మాటలను వరుసగా పేర్చి, ‘పలుకు’ అన్న మీట నొక్కగానే పైకి చదువుతుంది. అక్క దానితో చదివించిన మొదటి మాట ‘గాడిద’. ఎదురుగా ఉన్నది నేనే.

చిక్కల్లా ఒకటే. ఎనిమిది సెకండ్లపాటు ఏ మాటా తాకకపోతే, అప్పటిదాకా పేర్చినదంతా చెరిగిపోతుంది. మొదట దానిని బడిపిల్లల కోసం తయారుచేశారట. ఒకరు వదిలేసిన వాక్యం తరువాతివారి వాక్యానికి అతుక్కోకూడదని ఆ ఏర్పాటు. దగ్గర దగ్గరగా ఉన్న రెండు మూడు మాటలైతే అక్క ఎడమచేత్తో తాకగలిగేది. దూరపు మాటకు చేయి చేరేసరికి పది సెకండ్లు దాటేవి. నలభై ఏళ్లు దర్జీ పని చేస్తూ, కుట్టుమిషను చప్పుడును మించి మాట్లాడిన మనిషి రెండేసి మాటలకు కుదించుకుపోయింది.

ఒక సాయంత్రం ఓపిక కూడగట్టుకొని ఐదు మాటలు పేర్చింది: “నిన్ను హాస్టల్లో దించిన రోజు నేను”. చేయి తరువాతి మాటను వెతుకుతుండగానే తెర తెల్లబడింది.

“ఏడ్చావా?” అన్నాను.

“కాదు,” అంది ట్యాబ్.

“తిరుగు బస్సు తప్పిపోయిందా?”

“కాదు. గాడిద.”

“పోనీ ముక్కలు ముక్కలుగా చెప్పక్కా. నేను రాసుకొని అతికించుకుంటాలే.”

ఆమె రెండు విడతలుగా చదివించింది. “ముక్కలు వద్దు.” కాసేపాగి, “మొత్తం చెప్తా.”

అమ్మా నాన్నా పోయాక నన్ను చదివించింది అక్కే. ఆ రోజు గురించి ఆమె ఎన్నడూ నోరు విప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు తానే చెప్పబోతే ఆ ఎనిమిది సెకండ్లు అడ్డుపడుతున్నాయి.

ఆ ప్రోగ్రాం ఏ ఒక్కరి సొత్తూ కాదు. దాన్ని నడిపించే రాత, అంటే కోడ్, అంతా అందరికీ తెరిచి ఉంటుంది; ఎవరైనా చదవవచ్చు, దిద్ది పంపవచ్చు. పంపినదాన్ని పరిశీలించి కలుపుకొనే బాధ్యతను ‘పిచ్చుక’ అనే మారుపేరుతో ఒకావిడ, ఉద్యోగం చేసుకుంటూ, సెలవురోజుల్లో ఉచితంగా మోస్తున్నది. కేంద్రం వారి ట్యాబ్‌లో అధికారికంగా విడుదలైనది తప్ప మరొకటి ఎక్కదు కనుక, ఆ ఎనిమిది సెకండ్లను నేను దిద్దినా, ఆ సవరణ ఆమె చేతి మీదుగా రావలసిందే.

నేను పుస్తకాల ప్రూఫులు దిద్దేవాణ్ణి. ప్రోగ్రాములు రాయడం ఎరగను. కొత్తవారి కోసం వారు పెట్టిన మార్గదర్శిని రెండుసార్లు చదివాను. ముందుగా లోపాన్ని తెలియజేయాలి, సొంత ప్రతి ఒకటి తీసుకొని అందులో మార్చాలి, పరీక్షించాలి, ఎందుకు మార్చామో రాసి పంపాలి. ‘ఒక్కసారికి ఒక్క మార్పే’ అన్న నియమమూ అందులో ఉంది. అది అజాగ్రత్తగా పనిచేసేవారి కోసమనుకున్నాను.

పదకొండు రోజులకు ఆ ఎనిమిది అంకె ఉన్న పంక్తి దొరికింది. వ్యవధిని వాడేవారే నిర్ణయించుకొనేలా చేయడానికి ఆరు పంక్తులు సరిపోయాయి. అక్కడితో ఆగవలసింది. కానీ సహాయ పుటల్లో ఎప్పుడో తీసేసిన మీటల వర్ణనలూ, ఎక్కడికీ పోని లంకెలూ, ముందువెనుకలైన సూచనలూ కనబడ్డాయి. తప్పును చూసి దాటిపోవడం నా వృత్తిలో నేరం. అన్నిటినీ దిద్ది, నలభై మూడు సవరణలను ఒకే మూటగా కట్టి పంపాను.

తొమ్మిది రోజులకు పిచ్చుక జవాబు వచ్చింది. “మాస్టారూ, మీ ఓపికకు దండం! కానీ ఇదంతా ఒకేసారి చూడ్డం నావల్ల కాదండీ. ఆ టైము సంగతి ఒక్కటీ విడిగా పంపరూ? మిగతావి మెల్లిగా చూద్దాం.”

విడదీయడం ఒక్క పూట పని. నేను చేయలేదు. ఒక్కొక్క సవరణ ఎందుకు అవసరమో సమర్థిస్తూ రాయడానికి కూర్చున్నాను. పదహారు రోజులు పట్టింది.

“ఏమైంది?” అని అక్క అడిగితే, రాసినదంతా చూపించాను. కాగితాలు ఒక్కొక్కటే తిప్పించుకొని చూసింది. తరువాత, తెర చెరిగినప్పుడల్లా మళ్లీ మొదలుపెడుతూ, ఒక్కొక్కటిగా చదివించింది.

“బొత్తాం ఊడింది.”

“చొక్కా అంతా విప్పావు.”

“తొడుక్కునేది ఎప్పుడు?”

ఆ మధ్యాహ్నమే ఆరు పంక్తులూ విడిగా పంపాను. మరునాటికల్లా పిచ్చుక కలుపుకొంది. “భలే చేశారండీ! ఒకటో తారీకు విడుదలలో వచ్చేస్తుంది.” అక్కకు చదివి వినిపించాను. ఇంకా ఆరు రోజులుంది.

“సరే. ఆగుతా,” అంది ట్యాబ్.

ఇరవై తొమ్మిదిన ఆమెకు రెండోసారి పక్షవాతం వచ్చింది. ముప్పైన పోయింది.

మూడు వారాల తరువాత ట్యాబ్ తిరిగి ఇవ్వడానికి కేంద్రానికి వెళ్లాను. కొత్త విడుదల దానంతటదే ఎక్కి ఉంది. మాట సాధన చేయించే అమ్మాయి దాన్ని అటూ ఇటూ నొక్కి చూసి, “అరె, ఇప్పుడు టైము మార్చుకోవచ్చండీ! ఎన్నాళ్లనుంచి అనుకుంటున్నామో,” అంది. ఆ వ్యవధిని పూర్తిగా తీసేసి, బల్ల పక్కన చక్రాల కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ ఒళ్లో పెట్టింది.

పెద్దావిడ వేలు తెర మీద తచ్చాడింది. ఒక మాట తాకి ఆగింది.

“నీళ్లు కావాలా అమ్మా?” అన్నాడు పక్కనున్న కొడుకు.

“మీరుండండి సార్, ఆవిణ్ణి చెప్పనివ్వండి,” అంది అమ్మాయి.

నాకు తెలియకుండానే లోలోపల లెక్కపెడుతున్నాను. ఎనిమిది దగ్గర నా పిడికిలి బిగుసుకుంది. తెర చెరగలేదు. ఇరవై. ముప్పై ఐదు. అరవై దాటాక ఆమె ‘పలుకు’ నొక్కింది.

“ఆ కిటికీ వేసి నువ్వు ఇంటికెళ్లి పడుకో నాన్నా.”

కొడుకు కిటికీ వేయడానికి లేచాడు. అమ్మాయి నా ముందు అప్పగింత కాగితం పెట్టింది. సంతకం ఎక్కడ చేయాలో రెండుసార్లు వేలు పెట్టి చూపించవలసివచ్చింది.