చుక్కల మేడమ్

ద్రవాన్ని చుక్కచుక్కగా వదిలే గాజు బ్యూరెట్లన్నీ స్టాండ్లకు బిగించి, ఒక్కోదాని కింద తెల్ల పలక పెట్టుకుంటూ వస్తోంది ఆమె. అమోనియా తగిలీ తగిలీ మునివేళ్ళ మీద తోలు పొరలుగా లేచిపోయింది. బిరడా తిప్పీ తిప్పీ ఎడమ బొటనవేలు పక్కకు ఒంగింది. భూగర్భశాస్త్రం పిల్లలకు నీళ్ళలో ఏం కరిగి ఉందో తేల్చడం నేర్పే పని ఆమెది. సుత్తులు పట్టుకుని కొండలెక్కే పిల్లలకు చుక్కలు లెక్కపెట్టడమంటే ఒళ్ళుమంట. పట్టపగలే చుక్కలు చూపిస్తుందని చుక్కల మేడమ్ అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆమెకూ లోలోపల ఇష్టమే.

ఇవాళ ప్రాక్టికల్ పరీక్ష. సాయంత్రానికి ఆమె ఉద్యోగమూ అయిపోతుంది. పొద్దున గుమ్మంలో అక్క అననే అంది, "ఇవాళ్టితోనైనా ఆ పెద్దాయన్ని తిట్టుకోవడం మానెయ్యవే."

"తిట్టడం దేనికక్కా? ఇవాళ చేతల్లోనే చెప్తా."

పెద్దాయనంటే కాలేజీలో భూగర్భశాస్త్ర శాఖ అధిపతి. ఉద్యోగాల్లో చేరిన కొత్తలో ఇద్దరిదీ ఒకే ల్యాబు. ఒక లాండ్రీ బాయిలరు కోసం బోరునీళ్ళ కాఠిన్యం ఎంతో తేల్చమన్నారు. ఆయన బ్యూరెట్ ముట్టుకోకుండానే ఒక అంకె చెప్పాడు. నమ్మి ఆమె సంతకం పెట్టింది. ఆ నీళ్ళకు బాయిలరు లోపల సున్నం పెచ్చులు కట్టి పగిలింది. అక్కడ పనిచేసే మనిషి మొహం కాలిపోయింది. విచారణలో ఆ అంకె తనదేనని ఆయన నోరు మెదపలేదు, తప్పంతా సంతకం పెట్టిన ఆమె మీదే పడింది. ఆ తర్వాత ఆయన పై పదవులకు ఎదిగాడు, ఆమె ఈ గదిలోనే ఉండిపోయింది. ఆ నోరు మెదపకపోవడాన్ని ఆమె క్షమించలేదు, క్షమించాలని ప్రయత్నించనూ లేదు.

ఈ ఏడు ఆయన కూతురు ఆమె తరగతిలో ఉంది.

పిల్లలు రాకముందే ఆమె వెళ్ళి, ఆ అమ్మాయి బల్ల మీది నీళ్ళసీసాలో రవ్వంత మైలుతుత్తం, అదే రాగి ఉప్పు, కలిపింది. కంటికి ఆనదు. మామూలు నీళ్ళయితే, రంగుమందు వేశాక చుక్కలు పడగా పడగా ఎర్రరంగు ఒక్కసారి నీలంలోకి తిరుగుతుంది. అందులో రాగి ఉంటే ఎంత పోసినా తిరగదు. అప్పుడు ఏ పిల్లయినా పక్కబల్ల వైపు చూసి ఒక అంకె వేసేస్తుంది. ఆ కాగితం తీసుకెళ్ళి, అందరి ఎదుటా తండ్రి ముందు పడేసి, "మీ ఇంటి విద్యేనండీ" అనాలి. ఆ మాటను ఆమె ఎన్నాళ్ళుగానో నోట్లో చప్పరిస్తోంది.

పరీక్ష మొదలైంది. ఒక్కో బల్ల మీదా నీలం వస్తోంది. ఆ అమ్మాయి ఫ్లాస్కు మాత్రం ఎర్రగానే ఉంది. బ్యూరెట్ ఖాళీ చేసింది, మళ్ళీ నింపింది. ముక్కు మీద చెమట పట్టింది. పక్క కుర్రాడు జాలిపడి వేళ్ళతో తన అంకె చూపించాడు. రాయవే తల్లీ, రాయి, అనుకుంది మేడమ్.

అమ్మాయి ఫ్లాస్కు పట్టుకుని నేరుగా ఆమె దగ్గరికే వచ్చింది.

"రంగు మారట్లేదు మేడమ్. మళ్ళీ మళ్ళీ చేశా."

"ఏదో ఒకటి వేసెయ్యకపోయావా?"

"నాన్న కూడా అదే అన్నారు, ఇరుక్కుంటే ఏదో ఒకటి వేసెయ్యమని. మారనిది మారిందని ఎలా రాయను? చూసిందే రాయమని ఏడాదంతా చెప్పింది మీరే కదా. ఇందులో ఇంకేదో ఉంది మేడమ్."

మేడమ్ ఆ ఎర్రనీళ్ళ వంక చూసింది. ఈసారి నీళ్ళ విషయంలో మోసం చేసింది తనే. ఆమెకు సిగ్గేసింది.

"రాగి," అంది మెల్లగా. "నేనే కలిపాను."

"పరీక్షకా?"

"పరీక్షకే. నీకు మాత్రం కాదు."

అమ్మాయికి అర్థం కాలేదు. మేడమ్ నూటికి నూరూ వేసి కాగితం పక్కన పెట్టేసింది.

సాయంత్రం పెద్దాయన వచ్చాడు. "ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి. మా అమ్మాయి ఎలా చేసింది?"

"బాగా చేసింది. మీ పోలిక ఒక్కటీ రాలేదండీ."

"అందరూ అదే అంటారు. అంతా వాళ్ళమ్మే," అని పకపకా నవ్వాడు.

"అంకె రాకపోతే రాలేదనే రాసింది," అంది ఆమె.

నవ్వు ఆగిపోయింది. ఆయన బ్యూరెట్ల వంక చూశాడు, కిటికీ వంక చూశాడు, వెళ్ళిపోయాడు. ఇన్నాళ్ళూ అనుకున్నంత తియ్యగా ఏం లేదు గానీ, ఆమెకు హాయిగానే ఉంది.

తెల్లకోటు కొక్కేనికి తగిలించి, తాళాలు బల్ల మీద పెట్టి, వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయింది. ఖాళీ గదిలో, తెల్ల పలక మీద, ఆ అమ్మాయి వదిలిన ఫ్లాస్కులో నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.