సముద్రానికి పోయొచ్చిన బండి

భరత్‌కుమార్ తన రేసు బండిని శుభ్రంగా కడిగి తెచ్చానని చెప్పినప్పుడే కల్పనకు నవ్వొచ్చింది. ధర్మవరంలో పట్టుచీరల కొట్టున్న ఇంటి బిడ్డ. బుద్ధెరిగాక బకెట్టు ఎత్తిన చెయ్యి కాదు. అలాంటివాడు బండి కడిగాడంటే ఎవరు నమ్ముతారు?

"ఎట్ల కడిగినావప్పా?" అంది బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి.

"ఇంట్లో బోరు నీళ్లకు షాంపూ కలిపి, ప్రెజర్ గన్నుతో కొట్టినామక్కా. ఆమీట రెండు దినాలు ఎండలో పెట్టినాము. శశి వీడియో గూడా తీసినాడు."

వెనకాల నిలబడ్డ శశికుమార్ ఫోను ఎత్తి చూపించాడు. భరత్‌కుమార్ ఎక్కడికి పోతే అక్కడికి పోయి, వాడు దగ్గినా వీడియో తీసే స్నేహితుడు ఇతను. బండి కడగడం కూడా తీసి లోకానికి చూపించాలా అనుకుంది కల్పన.

కదిరి బస్టాండు వెనక ఆమెకు షెడ్డు ఉంది. నాయన నారాయణస్వామి పోయాక ఆయన స్పానర్లు ఆమె చేతికొచ్చి పన్నెండేళ్లయింది. ఆడమనిషి బండి విప్పడమేమిటని మొదట్లో మూతి విరిచినవాళ్లే ఇప్పుడు ఆమె షెడ్డు ముందు వరస కడుతున్నారు. వాళ్లను చూసినా ఆమెకు నవ్వే వస్తుంది.

ఈ బండి మాత్రం నవ్వే స్థితిలో లేదు. నెల్లూరు వైపు సముద్రపు ఒడ్డున, అల తగిలే చోట ఇసుకలో రేసు పెట్టారట. స్పోకుల మొదళ్లలో తెల్లటి పొర పేరుకుంది. చైను ఎర్రబడి బిగుసుకుపోయింది.

"మీ ఇంట్లో నీళ్ల బిందె ఎప్పుడన్నా చూసినావా? బోరు నీళ్లకు అడుగంతా తెల్లగా గారకట్టి ఉంటాది. ఆ నీళ్లే దీనికి పోసినావు. ఉప్పును ఉప్పుతో కడిగినావు. గన్నుతో కొట్టి పైనున్నదాన్ని లోపలికి తోసినావు. ఎండలో పెట్టి ఆడ్నే అంటుకునేట్టు చేసినావు. దీనికంటే సముద్రంలో ఇడిసిపెట్టి వచ్చింటే మేలు."

భరత్‌కుమార్ తల గోక్కున్నాడు. "ఆదివారం బెంగళూరు అవతల మట్టి ట్రాకు మీద రేసుండాదక్కా. శనివారానికి చేసియ్యి. మెకానిక్ పాసు నీ పేరు మీదే తీస్తా. ట్రాకు లోపల నా పక్కనే నువ్వుంటావు."

ఆ మాటకు పడిపోయింది కల్పన. పన్నెండేళ్లుగా ఎందరి రేసు బండ్లకో ప్రాణం పోసింది. ఒక్క రేసైనా ఫోనులో తప్ప చూడలేదు. గెలిచినవాళ్లు మిఠాయి పొట్లం పంపారు తప్ప, మెకానిక్ అని చెప్పి ట్రాకు చుట్టూ కట్టిన తాడు దాటించి లోపలికి తీసుకుపోయినవాడు లేడు. ఆ పాసు ఆమెకు కావాలి. అడగడానికి సిగ్గుపడేంతగా కావాలి.

మూడు రోజులు షెడ్డులో వేరే బండి ముట్టుకోలేదు. మోపెడ్ మీద ఫిల్టర్ నీళ్ల క్యాన్లు తెచ్చుకుంది. అది చూసి టీ బంకు ఓబమ్మ ఊరుకుంటుందా? "మా ఈదికి నాలుగు దినాలకోసారి కొళాయి. నీ బండికి దినామూ తాగే నీళ్లతో తానమా?" అంది. కల్పన ఒక క్యాను తీసుకుపోయి ఓబమ్మ బంకులో పెట్టి వచ్చింది.

చక్రాలు ఊడదీసింది. చైను విప్పి పక్కన పెట్టింది. చల్లటి నీళ్లు మెల్లగా పోస్తూ, మెత్తటి బ్రష్షుతో సందుసందునా తోమింది. కరెంటు వైర్ల జాయింట్లు ఒక్కొక్కటే విప్పి, తుడిచి, గాలి కొట్టింది. ఆరాక బేరింగులకు కొత్త గ్రీజు పెట్టింది. బ్రేకులు వదిలేసి మిగతా ఇనుమంతటికీ నూనె గుడ్డతో పల్చగా పూత రాసింది. శనివారం మధ్యాహ్నం ఒక్క తన్నుకు ఇంజన్ అందుకుంది. ఆ చప్పుడు విని ఆమె కడుపు నిండింది.

సాయంత్రం వ్యాను వచ్చేసరికి కల్పన తలకు పోసుకుని, ఇస్త్రీ చుడీదారు వేసుకుని, స్పానర్ల పెట్టె సర్దుకుని కూర్చుంది.

వ్యానులోంచి భరత్‌కుమార్, శశికుమార్‌లతో పాటు భరత్ తల్లి పద్మజ దిగింది. ఆమె ఒక చేతిలో మామిడాకులు, ఇంకో చేతిలో ఐదు లీటర్ల ప్లాస్టిక్ క్యాను.

"సముద్రం నీళ్లు. నెల్లూరు నుంచి తెప్పించినా. బండికి పాడు దిష్టి తగిలింది, ఈటితో పోతాది" అంది భక్తిగా.

ఈ కరువు సీమలో సముద్రం కనపడని వాళ్లకు దాని నీళ్లు కూడా దేవుడే. ఆ దేవుణ్ణి మూడు రోజులపాటు బండిలోంచి తరిమిందెవరో ఈ తల్లికి తెలీదు. కల్పన భరత్ వైపు చూసింది. వాడికి తెలుసు. తెలిసీ ఫోనులో మొహం పెట్టుకున్నాడు.

మామిడాకులు ముంచి పద్మజ చక్రం మీద చల్లింది. కల్పన పళ్లు బిగబట్టి నవ్వింది. చైను మీద చల్లింది. ఇంకా నవ్వింది. పాసు కోసం ఇంతగా దిగజారిన తనను చూసి తనకే అసహ్యమేసింది. పద్మజ క్యాను మొత్తం సీటు మీదికి వంచబోయింది. కింద విప్పి కట్టిన వైర్లున్నాయి. ఇక కల్పన వల్ల కాలేదు.

"అమ్మా, తీర్థం గదా. ముందు మీరు పుచ్చుకోండి."

పద్మజ ఆనందంగా అరచేయి పట్టింది. కల్పన క్యాను అందుకుని నిండా పోసింది. కళ్లు మూసుకుని నోట్లో పోసుకున్న పద్మజ మరుక్షణం షెడ్డు గోడ మీద తుపుక్కున ఉమ్మింది.

"నోట్లో నిలవని నీళ్లు ఇనుముకు ఎట్ల పడతాయమ్మా?"

పద్మజ మొహం కందిపోయింది. "నలుగుర్లో నన్ను ఉమ్మేట్టు చేస్తావా? ఈమె మనతో వద్దురా భరత్!"

"అక్కా, ఈసారికి నువ్వు ఆగిపో" అన్నాడు భరత్‌కుమార్.

"నా పాసు నాకిచ్చేసి పో."

శశికుమార్ చెయ్యి మెడలో వేలాడే కార్డు మీదికి పోయింది. కల్పన ఆ చెయ్యి తప్పించి చదివింది. మెకానిక్ అని రాసుంది. కింద శశికుమార్ ఫొటో. పాసు తీసిన తేదీ పది రోజుల కిందటిది. అంటే ఈ బండి ఆమె షెడ్డుకు రాకముందే.

ఒళ్లు మండింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ దిగమింగి, మిగిలిన ఫిల్టర్ నీళ్లతో చక్రాన్నీ చైనునూ మళ్లీ కడిగి, తుడిచి, నూనె రాసింది. అంతసేపూ వాళ్లను నిలబెట్టే ఉంచింది.

"మెకానిక్ సారూ, చైను టైటు యాడ చేస్తారో చూపించప్పా" అంది లేస్తూ.

శశికుమార్ వంగి చూసి, ఆలోచించి, బ్రేకు తీగ పట్టుకున్నాడు.

బండిని వ్యానెక్కించారు. పద్మజ ముందు సీట్లో కూర్చుని కొడుకు వైపు తిరిగింది.

"ఆడ దీనికేమన్నా అయితే చూసేదెవర్రా?"

భరత్‌కుమార్ శశికుమార్ మెడలో కార్డు వైపు చూశాడు. కల్పన తన స్పానర్ల పెట్టె ఎత్తుకుని షెడ్డులోకి పోయింది.