అన్నయ్య పంపిన బండలు

మా అన్నయ్య ముఖం చూస్తేనే నాకు రోత. నవ్వితే మరీనూ. ఆ రోజు నవ్వుతూనే నా పడవల షెడ్డులోకి వచ్చి, కోసుకుపోయిన ఒడ్డును చూసి, "అయ్యో తమ్ముడూ, సముద్రం బాగా తినేసిందే!" అన్నాడు.

సముద్రం తినేసిందట! తినిపించింది ఎవరు?

మా తీరంలో అల నేరుగా రాదు, ఏటవాలుగా వస్తుంది. వచ్చినప్పుడల్లా ఇసుకను కాస్త పక్కకు జరుపుతుంది. ఇక్కడి ఇసుక అవతలికి పోతుంటే అన్నయ్య వైపు నుంచి కొత్తది వచ్చి చేరేది. నాన్న ఉన్నన్నాళ్ళూ అలాగే సాగింది. అన్నయ్య తన స్థలంలో లాడ్జి కట్టి, నా వైపు చివర నీళ్ళలోకి బండల వరుస వేయించాడు. ఇసుకంతా అక్కడే ఆగిపోయింది. ఆయనకు కుర్చీలూ గొడుగులూ వేసుకునేంత ఒడ్డు పెరిగింది. నాకు ఇసుక రావడం మానేసింది, పోవడం మాత్రం మానలేదు. మరమ్మతుకు వచ్చిన పడవల్ని పైకి లాగే వాలు కూలిపోయింది. షెడ్డు ముందు స్తంభాల కింద మట్టి లేదు.

ఆ బండల మూలన నాచు చేరి కుళ్ళుతుంది. ఆ కంపులోనే గొడుగుల కింద జనం పళ్ళరసాలు తాగుతుంటారు. థూ!

"నీ షెడ్డు చివర కూడా ఒక వరుస వేయిస్తా. ఖర్చు నాదే," అన్నాడు.

"ఎందుకో అంత ప్రేమ?"

"ప్రేమేంట్రా! నా గదుల్లో దిగినవాళ్ళు కిటికీ తీస్తే నీ కూలిన కొంపే కనిపిస్తోంది. అసహ్యంగా ఉంది."

"మరి నా పక్కన అత్తయ్య ఇల్లు? నాకు ఇసుక ఆగితే ఆవిడది పోతుంది కదా?"

"ఆవిడ ఇంకెన్నాళ్ళు ఉంటుందిలే!"

అత్తయ్య మా నాన్న చెల్లెలు. మా ఇద్దరినీ చంకనేసుకుని పెంచింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా వద్దని అనలేదు. ఆలోచిస్తానన్నాను.

మర్నాడు పొద్దున్నే బండల లారీ వచ్చి నిలబడింది. చప్పుడుకి అత్తయ్య కంచె దగ్గరికి వచ్చింది. "వేయించుకోరా నాన్నా. నేనింకెన్నాళ్ళు ఉంటాను? నీ పని ఆగితే పిల్లలకేం పెడతావు?" అంది. అంటూనే ఒకసారి ఒడ్డుకు దిగే తన పెరటి మెట్లవైపు చూసుకుంది.

అమ్మయ్య అనిపించింది నాకు. అన్నయ్య అంటే ఒళ్ళు మండిన మాటే ఆవిడ అంటే హాయిగా ఉంది. ఛీ! ఆయన రక్తమే కదా నాలోనూ. నా ముఖాన నేనే ఉమ్మేసుకోవాలనిపించింది.

"ఎక్కడ దింపమంటారు?" అని డ్రైవర్ తల బయట పెట్టాడు.

"పంపినాయన గుమ్మంలో."

"నిజంగానేనా?"

"నేను ముందు నడుస్తా, నా వెనకే రా."

లాడ్జి గేటుకు అడ్డంగా డ్రైవర్ లారీ తొట్టి ఎత్తి బండలన్నీ కుమ్మరించాడు. లోపలి కార్లు లోపలే ఉండిపోయాయి. అన్నయ్య ముఖాన సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, పిచ్చెక్కిందా? ఇప్పుడు జనం ఎలా వెళ్ళాలి?"

"పక్కవాళ్ళ మీదకి తోసెయ్, అన్నయ్యా. నీకు అలవాటేగా!"

తిరిగొచ్చి, సముద్రం లాక్కోకముందే షెడ్డు రేకులు నేనే విప్పడం మొదలుపెట్టాను. అత్తయ్య వచ్చి నిచ్చెన పట్టుకుంది. నాకు ఆవిడ ముఖం చూడడానికి సిగ్గేసింది.

"రేకులు మా పెరట్లో పెట్టు. వాలు కూడా మా వైపే వేసుకో. ఆ ఒడ్డు ఉన్నన్నాళ్ళు ఇద్దరం వాడుకుందాం," అంది.