బాగానే ఉన్నానండి

సీసాలో దోసకాయలు ఎప్పుడో అయిపోయాయి. వాటిని ఊరవేసిన ఉప్పునీళ్ళు రెండు గుక్కలు తాగి, మూత బిగించి, ఆర్లిస్ టకెట్ ఆరబెట్టే యంత్రం తలుపు తెరిచాడు. వేడి ముఖాన కొట్టింది. వృద్ధాశ్రమంలో రాత్రి తడిసిన దుప్పట్లన్నీ మధ్యాహ్నంలోపు మడతలై పైకి వెళ్ళాలి. పటాలంలో నేర్చుకున్నట్టే మూలలు కలిపి, అరచేత్తో నొక్కి మడతపెడతాడు. వాటిని ఎవరూ చూడరు. అయినా ఒక్క మడత వంకర పోనివ్వడు.

పక్క బల్ల దగ్గర తువ్వాళ్ళు చుడుతున్న లొరీన్ అతన్ని ఎగాదిగా చూసింది.

"రేటింగ్ పరీక్షకి గడ్డం గీసుకుని వెళ్తారా ఎవరైనా? చొక్కా ఇస్త్రీ కూడానూ! చర్చిలో పెళ్ళికొడుకులా తయారయ్యావు."

"డాక్టరమ్మ దగ్గరికి చింపిరిగా ఎలా వెళ్ళను?"

"చింపిరిగానే వెళ్ళాలి. మొన్న ఆ బకెట్ పట్టుకుని కక్కుకుంటూ పడున్నావే, ఆ మొహంతో వెళ్ళు. ఎలా ఉన్నారని అడిగితే చచ్చిపోతున్నానని చెప్పు. ఏదీ, ఒకసారి అను."

ఆర్లిస్ నవ్వేసి ఇంకో దుప్పటి మూలలు కలిపాడు.

మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే రెండు చిన్న గ్రంథులు అతని ఒంట్లో పనిచేయడం మానేసి ముప్పై ఏళ్ళు దాటింది. ఎడారి యుద్ధంలో ఇసుక మీద కుప్పకూలితే సార్జెంటు ఎండదెబ్బ అన్నాడు. మళ్ళీ పడితే దొంగవేషాలన్నాడు. ఆ తర్వాత పడినప్పుడు స్ట్రెచర్ మీద మోసుకెళ్ళారు. అప్పటినుంచి మాత్రలతోనూ, ఒంట్లో నిలవని ఉప్పు కోసం ఆ ఊరునీళ్ళతోనూ బతుకు. జ్వరమొచ్చినా, గట్టి దిగులు పట్టుకున్నా మోతాదు రెట్టింపు చేయాలి. అదీ చాలకపోతే సూది. ఆలస్యమైతే ప్రాణమే పోతుంది. సూది ఉన్న పసుపుపచ్చ డబ్బా ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది. అవసరపడితే పొడవడానికి లొరీన్ ఒక కమలాపండు మీద సాధన కూడా చేసింది. పనివాళ్ళ ఫ్రిజ్‌లో తిండి డబ్బాల మీద రాసే లావు పెన్నుతో దాని మూత మీద అతని పేరూ రాసింది.

పటాలంలో వచ్చిన జబ్బుల తీవ్రతను ప్రభుత్వం శాతాల్లో లెక్కగట్టి పెన్షన్ ఇస్తుంది; అతని జబ్బుకు ఇరవై శాతం రేటింగ్ ఇచ్చింది. ఏడాదిలో ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు ఎక్కువని ఆసుపత్రి కాగితాలతో తేలితే అది అరవై అవుతుంది. అరవై వస్తే ఈ వేడిగదికి దండం పెట్టి, నది ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. అంతకుమించి అతనికి పెద్ద కోరికలేమీ లేవు. భార్య డార్లా వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఆమె విసిగింది అతని రోగంతో కాదు, రోగం గురించి పెదవి విప్పని మొండితనంతో.

ఆశ్రమంలో వాంతుల జబ్బు తిరుగుతోంది. పొద్దుటినుంచి అతని కడుపులోనూ తిప్పుతోంది. ట్రక్కులో కూర్చుని, కష్టమైన రోజున అలవాటు ప్రకారం మాత్రలు రెట్టింపు మింగాడు. ఆ పూటకు ఒంట్లోకి జవసత్వాలు వచ్చాయి. ఏ రోజైతే నీరసంగా కనబడాలో సరిగ్గా ఆ రోజే డాక్టరమ్మ గదిలోకి నిటారుగా నడిచి వెళ్ళాడు.

"రండి, కూర్చోండి," అంది డాక్టరమ్మ. "బాగా ఎండలో తిరిగినట్టున్నారే! చేపలవేటా?"

అది ఎండ రంగు కాదు. ఆ గ్రంథులు చెడితే చర్మం అలా రాగిరంగు తిరుగుతుంది. చెబితే ఆవిడను తప్పుపట్టినట్టు ఉంటుందేమోనని, "అప్పుడప్పుడూ వెళ్తానండి," అన్నాడు.

"ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నానండి."

లొరీన్ ముఖం గుర్తొచ్చింది గానీ, మాట అప్పటికే నోరు దాటేసింది. బొగ్గుగనిలో ఊపిరితిత్తులు పోగొట్టుకున్న తండ్రి కూడా చివరిదాకా అదే జవాబిచ్చాడు. ఆ ఇంట్లో ఆ ప్రశ్నకు వేరే జవాబు ఎవరూ నేర్పలేదు.

"ఈ ఏడాది హాస్పిటల్‌కి ఎన్నిసార్లు వెళ్ళారు?"

"ఒక్కసారండి."

"మిగతాప్పుడు ఇబ్బందేం రాలేదా?"

"వచ్చిందండి. చాలాసార్లు వచ్చింది. నేనే చూసుకున్నా." జేబులోంచి డబ్బా తీసి ఆవిడ ముందు పెట్టాడు. "బాత్రూం నేల మీద కూర్చుని ఇది పొడుచుకుంటా. అంబులెన్సువాళ్ళని లేపడం ఎందుకులే అని."

"చాలా చక్కగా చూసుకుంటున్నారండి. అందరూ మీలా ఉంటే మాకెంత తేలిక!"

అతని ముఖం వెలిగింది. మెచ్చుకోలు వినక ఎన్నాళ్ళయిందో! ఆ వెంటనే అర్థమైంది: తన అరవై శాతాన్ని తన నోటితోనే పాడుచేసుకున్నాడు. ఇంకో మాట అనబోయాడు గానీ అడుక్కున్నట్టు ఉంటుందని సిగ్గేసింది. గబుక్కున లేచి, థాంక్సండి అని బయటపడ్డాడు. డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

తిరిగి రాగానే లొరీన్ ఎదురొచ్చింది. "చెప్పావా?"

ఆర్లిస్ దుప్పటి అందుకున్నాడు.

"బాగానే ఉన్నానని చెప్పొచ్చావు కదూ! నీ తలకాయ! నువ్వు చచ్చాక నేనే వెళ్ళి చెప్పాలేమో." తువ్వాళ్ళ బండి విసురుగా తోసుకుంటూ ఆమె పైకి వెళ్ళిపోయింది.

కాసేపటికి మింగిన మాత్రలన్నీ వాంతిలో వచ్చేశాయి. కాళ్ళలో సత్తువ లేక దుప్పట్ల కుప్ప మీద కూలబడ్డాడు. చెయ్యి జేబు మీదికి పోయింది. జేబు చదునుగా తగిలింది. డాక్టరమ్మ బల్ల కళ్ళముందు మెదిలింది. ఫోనేమో గది అవతల కోటులో ఉంది.

కేక వేయొచ్చు. కానీ పైన ముసలివాళ్ళు మధ్యాహ్నం కునుకు తీసే వేళ, ఉలిక్కిపడతారు. లొరీన్ ఎలాగూ దిగి వస్తుంది కదా అనుకున్నాడు. ఒళ్ళో ఉన్న దుప్పటి మూలలు కలిపి అరచేత్తో నొక్కాడు.

లొరీన్ దిగి వచ్చేసరికి తల గోడకానించి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుంది. తట్టి చూసి, జేబు తడిమింది. కోటు దులిపింది, తిండిసంచి బోర్లించింది. "ఎక్కడ పెట్టావయ్యా! ఎక్కడ పెట్టావు!" అని అరుస్తూనే ఉంది. అంబులెన్సు వచ్చేటప్పటికి చేయడానికి ఏమీ మిగల్లేదు.

సాయంత్రం డాక్టరమ్మ ఆ డబ్బాను చూసి, పొద్దున్నే ఆయనకు ఫోన్ చేద్దామనుకుని, లైటు ఆర్పి ఇంటికి వెళ్ళింది. పసుపుపచ్చ డబ్బా బల్ల మీద అలాగే ఉంది, మూత మీద లొరీన్ రాసిన లావు అక్షరాలతో: "ఇది ఆర్లిస్‌ది. ఎవరూ ముట్టుకోవద్దు."