బాలింతకు గాలి తగలకూడదని

నేను ఒక గ్యాసు గీజరును. పచ్చి బాలింత ప్రాణం తీయబోయిన పీడ అని ఈ ఇంట్లో నాకు పేరు పడింది. ఆ పేరు పెట్టినవాళ్ళే ఏటా దసరాకి నాకు బొట్టు పెట్టి హారతి ఇచ్చారు. నమ్మించి గొంతు కోయడం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే నన్ను అడగండి, చెబుతాను.

నేను పుట్టింది ఒక రేకుల షెడ్డులో. రాగి గొట్టాన్ని చుట్టలు చుట్టి నా కడుపులో పెట్టారు. దాని కింద మంట వచ్చే రంధ్రాలు వరసగా అమర్చారు. కుళాయి తిప్పితే చాలు, టిక్కుటిక్కుమని నిప్పురవ్వ పుట్టి మంట అంటుకుంటుంది. చన్నీళ్ళు నా కడుపులో తిరిగి కాగి బయటికొస్తాయి. నేను గ్యాసు తిని బతుకుతానని జనం అనుకుంటారు. అది సగం నిజం. గ్యాసు కంటే నాకు గాలి ఎక్కువ కావాలి. మంచి గాలి లోపలికి రావాలి, కాలిన పొగ బయటికి పోవాలి. ఈ రెండూ కుదిరితే నా మంట నీలంగా, బుద్ధిగా ఉంటుంది. కుదరకపోతే నాలోంచి రంగూ వాసనా లేని విషం పుడుతుంది. ఈ సంగతి నాతో వచ్చిన చిన్న పుస్తకంలో ఎర్రక్షరాలతో రాసి ఉంది. కాకినాడలో నేను చేరిన ఇంట్లో ఆ పుస్తకాన్ని మడిచి, ఊగే బల్ల కాలికింద పెట్టారు.

ఆ ఇల్లు వీరవేణమ్మగారిది. నన్ను బిగించిన మెకానిక్కు చిట్టిబాబు. పనిమంతుడే, అబద్ధమెందుకు చెప్పాలి. నా నెత్తిన రేకు గొట్టం తగిలించి గోడ అవతలికి తీశాడు. స్నానాలగది కిటికీకి ఉన్న అద్దాలు ఊడదీసి జాలీ కొట్టాడు.

"అమ్మగారూ, ఈ కిటికీలోంచి ఇది ఊపిరి పీల్చుకుంటదండి. ఆ గొట్టంలోంచి వదుల్తదండి. రెండిట్లో ఏది మూసినా దీని పీక నొక్కినట్టేనండి" అన్నాడు.

"అలాగే బాబూ. దాని ఊపిరి మనమెందుకు తీస్తాం" అందావిడ.

ఆ మాట నేను నమ్మాను. నాలుగేళ్ళు ఒక్కరోజు కూడా నాగా పెట్టకుండా చాకిరీ చేశాను.

ఈ ఏడు మాఘమాసంలో ఆవిడ కూతురు పల్లవి పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఆ రోజు నుంచి ఇంట్లో గాలి పగవాడైపోయింది. బాలింతకు గాలి తగిలితే వాతం, చెవుల్లో దూరితే జన్మంతా తలనొప్పి. పల్లవి చెవుల్లో దూది పెట్టారు, తలకు గుడ్డ కట్టారు. అంతటితో ఆగితే బాగుండేది. వీరవేణమ్మ పాత నేతచీర నాలుగు మడతలు పెట్టి కిటికీలో కుక్కింది. గొట్టంలోంచి కూడా చలిగాలి దిగుతోందని పెరట్లోకి వెళ్ళి దాని మూతికి గోనెగుడ్డ బిగించి కట్టింది.

నేను ఊరుకోలేదు. మంట పసుపుపచ్చగా తిప్పాను, మొహమంతా మసి కక్కాను. తల్లీబిడ్డలకు నీళ్ళు పోయడానికి రోజూ వచ్చే నూకాలు ఆ మసి చూసింది. చూసి ఏం చేసిందనుకున్నారు? వేలితో తీసి బిడ్డ అరికాలికి దిష్టిచుక్క పెట్టింది. కాటుక వెతుక్కునే పని తప్పిందని వీరవేణమ్మ నవ్వింది. ఊపిరాడక నేను పెట్టిన మొర వాళ్ళకు అలా పనికొచ్చింది.

"అమ్మా, స్నానాలగదిలో తల తిరుగుతోందే. కడుపులో తిప్పుతోంది" అంది పల్లవి.

"పచ్చి బాలింతవి, తిరగదా మరి. ఎక్కడ్నించో గాలి తగుల్తున్నట్టుంది" అని తల్లి తలుపు కింద సందులో కూడా గుడ్డలు నొక్కింది.

ఆవిడకు కూతురంటే ప్రాణం. అందుకే నాకింకా ఒళ్ళు మండుతుంది. పగతో చేసేవాళ్ళను ఎవరైనా ఆపుతారు, ప్రేమతో చేసేవాళ్ళకు అడ్డు చెప్పేదెవరు?

పదకొండో రోజు పురిటిస్నానం. నలుగు, తలంటు, బిందెల కొద్దీ వేన్నీళ్ళు. అరగంట ఆపకుండా మండాను. నూకాలు ముందు బిడ్డకు పోసి, ఒళ్ళు తుడిచి, అమ్మమ్మ చేతికివ్వడానికి బయటికి తీసుకెళ్ళింది. గాలి వస్తుందని తలుపు వేసి మరీ వెళ్ళింది. పీట మీద కూర్చున్న పల్లవి గోడకు చేరబడి, మెల్లగా పక్కకు ఒరిగిపోయింది. చెంబు జారి దొర్లింది. కుళాయి మాత్రం నడుస్తూనే ఉంది. కుళాయి కట్టేవాళ్ళు లేకపోతే నాకు ఆరడం చేతకాదు. రోజూ నా నీళ్ళు పోసుకున్న పిల్ల మీదకు నా విషం నేనే ఊదుతూ చూస్తూ ఉన్నాను. ఇంతకంటే ద్రోహం నాకు ఎవరు చేయగలరు?

నూకాలు తిరిగొచ్చి చూసి, చంకల కింద చేతులు వేసి ఆమెను పెరట్లోకి ఈడ్చింది. ఏ గాలి తగలకూడదని పదకొండు రోజులు దాచారో, ఆ గాలే ఆమెకు ప్రాణం పోసింది. గీజరు పొగ పీల్చిందని ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు. రెండు రోజులకు పల్లవి బతికి ఇంటికొచ్చింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేరం నా నెత్తిన పడింది. చిట్టిబాబును పిలిపించారు. అతను పీటెక్కి కిటికీలోంచి చీర లాగాడు. పెరట్లోకి వెళ్ళి గోనెగుడ్డ విప్పాడు. మసిగొట్టుకుపోయిన ఆ రెండూ చేత పట్టుకొని ఆవిడకేసి చూశాడు. మనవరాలు ఆవిడ ఒళ్ళో నిద్రపోతోంది. పల్లవి గుమ్మంలో నిలబడి వింటోంది.

"నిజం చెప్పు బాబూ. నావల్లేనా?" అంది వీరవేణమ్మ.

చిట్టిబాబు ఆ మసిగుడ్డలు రెండూ ఉండ చుట్టి చంకలో పెట్టుకున్నాడు. నా ఊపిరి సంగతి ఆ ఇంట్లో చెప్పినవాడు అతనే. ఇప్పుడైనా నా పరువు నిలబెడతాడని ఆశపడ్డాను.

"మీవల్ల కాదండి అమ్మగారూ. మిషను పాతదైపోయిందండి. లోపల రాగిచుట్ట పాడైందండి" అన్నాడు.

ఆవిడ గుండె బరువు దిగి ఏడ్చింది. అతను జాలిపడ్డాడని నాకూ తెలుసు. జాలి ఆవిడకి, నింద నాకు. నన్ను ఊడదీసి, పాత ఇనుము కొనేవాడి కోసం పెరట్లో పడేశారు.

ఇవాళ పొద్దున పక్కింటి మంగతాయారు పిట్టగోడ దగ్గరకొచ్చింది. వాళ్ళ కోడలికి ఎనిమిదో నెల. వాళ్ళ స్నానాలగదిలోనూ నాలాంటిదే ఉంది.

"భయమేస్తోంది వదినా. మాది తీయించెయ్యమంటావా?"

"మీదెప్పుడు కొన్నారు?" అంది వీరవేణమ్మ.

"మొన్న దీపావళికి."

"కొత్తదానికేం భయం? మాది పాతదై ఆ పని చేసింది. మెకానిక్కే చెప్పాడు. నువ్వు మాత్రం రేపు పురుడయ్యాక ఆ పిల్లకి గాలి తగలనివ్వకు. కన్నమన్నది లేకుండా ఇప్పుడే మూయించెయ్."

మంగతాయారు ధైర్యంగా లోపలికి వెళ్ళింది. కాసేపటికి గోడ అవతల, వాళ్ళ స్నానాలగది కిటికీకి చెక్క పెట్టి మేకులు కొడుతున్న చప్పుడు మొదలైంది.