గోదాములో వెనక్కి నడిచిన టీ

రోజూ లాగే ఆ పొద్దున కూడా చిన్నది టిఫిన్ డబ్బా సంచిలో పడేసుకుని కస్టమ్స్ ఆఫీసుకు బయల్దేరింది. నలభై దాటినా ఇంట్లో అందరికీ ఆమె చిన్నదే. టీపొడి కొట్టు పెడతానన్నప్పుడు వాళ్లన్నయ్య, "నీకెందుకే ఈ తలనొప్పి? హాయిగా నా ఇనుప సామాన్ల కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోక" అన్నాడు. ఆ గల్లాపెట్టె దగ్గర కూర్చునీ కూర్చునీ విసుగెత్తే కదా ఆవిడ దాచుకున్నదంతా ఊడ్చిపెట్టి పై దేశం నుంచి టీ తెప్పించింది! సరుకు బయటికొస్తే సొంత కొట్టు. రాకపోతే మళ్లీ అన్నయ్య మేకులూ, అన్నయ్య మాటలూను. సరుకేమో రేవు గోదాములో ఇరుక్కుపోయింది.

మొదట గొడవేం లేదు. కాగితాలు చూసే ఏజెంటు సొంత అక్క మొగుడే. "నల్ల టీ" అని రాశాడు. ఉన్నదీ నల్ల టీయే. సుంకం ఆఫీసరు వచ్చి, గుప్పెడు తీయించి, సీసాలో పోయించి, సీలేయించి ల్యాబుకి పంపాడు. రిపోర్టు వచ్చేదాకా బస్తాలు గోదాములోనే ఉండాలన్నాడు. అదిగో, అక్కడే వచ్చింది చిక్కు. ఆ గోదాములో సరుకు ఎక్కువ రోజులు ఉంటే వెనక్కి నడుస్తుంది. రేవులో ఇది తెలియనివాళ్లు లేరు. ఆ మధ్య ఎవరివో కుర్చీలు దుంగలైపోయాయి. తోలు చెప్పుల పెట్టెలోంచి అంబా అని వినిపిస్తే వాచ్‌మన్ విసుక్కుంటూ వెళ్లి ఇంత గడ్డి పడేసి వచ్చాడు.

ల్యాబు వాళ్లు తాపీగా "నల్ల టీయే" అని తేల్చేసరికి బస్తాల్లో ఉన్నది గ్రీన్ టీ.

"ఏంటమ్మా ఇది? నల్ల టీ అని రాసి గ్రీన్ టీ తెచ్చారు. దానికి సుంకం వేరే" అన్నాడు ఆఫీసరు.

"తెచ్చినప్పుడు నల్లదే కదండీ. మీ రిపోర్టులోనే ఉంది, చూడండి!"

"రిపోర్టు సీసాలోదానికమ్మా. సీసా గోదాములో లేదు కదా. నేను సుంకం వెయ్యాల్సింది బస్తాలో ఉన్నదానికి."

ఆయన మాటలో ఇసుమంత కోపం లేదు. అందుకే చిన్నదానికి ఒళ్లు మండిపోయింది. అరిచేవాడైతే తిరిగి అరవచ్చు, ఇలాంటి మెత్తటి మనిషిని ఏం చేస్తాం? బావ కాగితాలు మళ్లీ రాశాడు. తప్పు రాసినందుకు ఆఫీసరు జరిమానా కట్టించాడు. మళ్లీ శాంపిల్, మళ్లీ సీసా, మళ్లీ ల్యాబు. గ్రీన్ టీయేనని రిపోర్టు వచ్చిన రోజున బస్తాలు విప్పి చూస్తే అప్పుడే కోసినట్టు పచ్చాకు నిగనిగలాడుతోంది.

"ఇది అసలు టీయే కాదమ్మా" అన్నాడు ఆఫీసరు జాలిగా. "పచ్చాకు. మొక్కల తనిఖీ వాళ్ల అనుమతి కావాలి."

ఆ తనిఖీ అధికారి సెలవులో ఉన్నాడు. ఉండక ఏం చేస్తాడు!

బయటికొచ్చాక చిన్నది బావ మీద విరుచుకుపడింది. "ఇలా దాని వెనకాల పరిగెత్తే బదులు, వచ్చే వారానికి అదేమవుతుందో ఇప్పుడే రాసి పెట్టొచ్చు కదా బావా?"

"భలేదానివే! లేనిది ఉందని రాస్తే దొంగ లెక్క అవుతుంది. నా లైసెన్సు ఊడిపోతే మీ అక్కని నువ్వు పోషిస్తావా?"

"ఉన్నదున్నట్టు రాసి ఏం బావుకున్నావ్?"

బావ కాగితాల కట్ట చంకన పెట్టుకుని ముందుకు నడిచాడు. పాపం, ఆయనా విసిగిపోయి ఉన్నాడు. చిన్నది కాళ్లరిగేలా తిరుగుతూనే ఉంది. ఆఫీసు బెంచీ మీద ఆవిడ కూర్చునే చోటు వదిలేసి మిగతావాళ్లు సర్దుకునేవారు. ఆకు కాస్తా మొక్కలైంది. ఆ మొక్కలకు ఇంకో కాగితం. ఒకరోజు ఆఫీసరు ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "ఎందుకమ్మా ఈ అవస్థ? సరుకు వదులుకుంటున్నానని ఒక్క సంతకం పెట్టేయండి, గోదాము అద్దె అయినా తప్పుతుంది" అన్నాడు. ఆ రాత్రి ఆవిడ దుప్పటి ముసుగేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు సంతకం పెట్టడానికి అన్నయ్యే స్వయంగా బండిలో దింపాడు. గల్లాపెట్టె తాళంచెవి జేబులో వేసుకునే వచ్చాడు, ఆలస్యమెందుకని. సంతకానికి ముందు సరుకొకసారి చూడాలనేది రూలు. ఆఫీసరు బస్తా మూతి విప్పించాడు. మొక్క లేదు, ఆకు లేదు. నిండా గోధుమరంగు గింజలు, గట్టిగా, గుండ్రంగా.

"విత్తనాలు!" ఆయన మొహం చేటంత అయింది. "విత్తనాలకి సుంకం లేదమ్మా, ఆ తనిఖీ గొడవా లేదు. పట్టుకెళ్లిపోండి, ఇప్పుడే పట్టుకెళ్లిపోండి."

నెలల తరబడి కదలని ముద్ర రెప్పపాటులో పడిపోయింది. రేపటికి ఇంకేమవుతాయోనన్న భయం ఆయనదీ.

బస్తాలు బండికెక్కాయి, చిన్నదీ ఎక్కి కూర్చుంది. అన్నయ్య గింజలు చేతిలో ఆడించి పకపకా నవ్వాడు. "టీ అమ్ముతానని పోయి గింజలు తెచ్చుకున్నావటే! ఇవి మొలిచి, పెరిగి, ఆకు కోతకొచ్చేసరికి ఎన్నేళ్లు పడుతుందో తెలుసా? అప్పటిదాకా ఏం చేస్తావ్?" అంటూ తాళంచెవి ఆమె ఒళ్లో పడేశాడు.

చిన్నది దాన్ని తీసి నెమ్మదిగా అతని జేబులోనే పెట్టింది.

"ఎదురుచూస్తానన్నయ్యా. ఆ బెంచీ మీద నేను నేర్చుకున్న పని అదొక్కటే. బాగా వచ్చేసింది కూడా. బండి కొట్టు వైపు కాదు, కొండవాలు వైపు పోనీ. కౌలుకి నేల దొరుకుతుందేమో అడగాలి."

అన్నయ్య ఏదో అనబోయి ఆమె మొహం చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, చెల్లెలు చెప్పిన దారికి బండి తిప్పాడు.