టర్నిప్ దీపంలో రూబెన్

అక్టోబరు ఆఖరి రోజు స్కార్‌విక్‌లో బడి తొందరగా వదిలేస్తారు. పిల్లలు పాత దుప్పట్లకి కళ్ళు కత్తిరించుకుని దయ్యాలవుతుంటే, ఆడవాళ్ళు అల్లం కేకులు పొయ్యిలో పెట్టి, బల్ల మీద పాత పేపరు పరిచి టర్నిప్ దుంపలు తొలచడానికి కూర్చుంటారు. అది రాయిలాంటి దుంప. చెంచాలు వంగిపోతాయి, అరచేతులు బొబ్బలెక్కుతాయి. కళ్ళకి రెండు, నోటికి ఒకటి కంతలు పెట్టి లోపల కొవ్వొత్తి వెలిగిస్తే, కాసేపటికి వేడికి తోలు ముడుచుకుని, ఆ ఇంట్లో పోయినవాళ్ళలో ఒకరి మొహం దాని మీద తేలుతుంది. పోయేనాటికి ఎలా ఉన్నారో అలాగే. ఆ ఏడాది ఎవరైనా పోయుంటే వాళ్ళే వస్తారు, లేకపోతే పాతవాళ్ళెవరో ఒకరు. దాన్ని కిటికీలో పెడతారు. దారినపోయేవాళ్ళు, ఈసారి మీ పెదనాన్న వచ్చాడే అని పలకరించి ముందుకు సాగుతారు.

వెరా కిటికీలోకి తొమ్మిదేళ్ళుగా ఆమె మామగారే వస్తున్నాడు. ఆమె భర్త రూబెన్ ఒక మార్చి పొద్దున ఒంటరిగా పీతల బుట్టలు ఎత్తడానికి సముద్రం మీదికి వెళ్ళాడు. పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చింది, మనిషి రాలేదు. పోయాడనే అనుకుంది ఊరంతా, ఆ అక్టోబరులో దీపం వెలిగించేదాకా. చూస్తే మొహం మామగారిది. అంటే రూబెన్ ఎక్కడో బతికే ఉన్నాడు. ఏ ఓడవాళ్ళో కాపాడి ఉంటారు, తలకి దెబ్బ తగిలి ఊరు పేరు మర్చిపోయి ఉంటాడు అంది అత్తగారు ఎడ్నా. వెరా అదే నమ్మింది. తలుపుకి గడియ పెట్టడం మానేసింది. బస్సు నడిపే క్లిఫర్డ్ పెళ్ళి మాట ఎత్తితే, మొగుడున్నదాన్ని అని చెప్పి పంపేసింది. అతను కోపం తెచ్చుకోలేదు, వేరే పెళ్ళీ చేసుకోలేదు.

పదో ఏడాది దుంప తొలిచింది కూతురు జిల్. పదేళ్ళు నిండాయి కదా, నేనే చేస్తానని పట్టుపట్టింది. చీకటి పడగానే కొవ్వొత్తి వెలిగించి, కోసిన పైముక్కని మూతలా పెట్టింది. కమిలిన టర్నిప్ వాసన వంటిల్లంతా అలుముకుంది. తోలు ముడుచుకుంది. మొహం తేలింది.

అది ఎవరిదో ముందు పోల్చుకోలేకపోయారు. నిండైన బుగ్గలు, గడ్డం కింద ఇంకో గడ్డం, తీరుగా కత్తిరించిన మీసం. తర్వాత కనుబొమ్మని రెండుగా చీల్చిన మచ్చ కనిపించింది. రూబెన్ చిన్నప్పుడు మెట్ల మీంచి పడితే తగిలిన దెబ్బ అది. ఎడ్నా కుర్చీ అంచు పట్టుకుంది.

జిల్‌కి తండ్రి ఫొటోలోనే తెలుసు. అందులో ఎముకల గూడులా ఉంటాడు.

"నాన్న లావయ్యాడే," అంది.

వెరా వంగి చూసింది. అది దెబ్బలు తిన్న మొహం కాదు, ఆకలి చూసిన మొహం కాదు. దారి తెలియక తిరిగిన మొహం అసలే కాదు. ఆదివారం భోజనం చేసి కునుకు తీసినవాడిలా ఉన్నాడు.

"వాడికి ఎవరో బాగా వండిపెట్టారు," అంది ఎడ్నా.

ఏ ఊళ్ళో, ఏ ఆడది ఇప్పుడతని చొక్కాలు మడతపెడుతోందో. ఆ ఊళ్ళో టర్నిప్‌లు తొలిచే అలవాటు ఉండకపోవచ్చు, ఆవిడకి కిటికీలో పెట్టుకోవడానికి ఈ మొహమైనా దొరకదు అనుకుంది వెరా. ఏడుపు రాలేదు. రాత్రిళ్ళు తను వడ్డించి మూతపెట్టి ఉంచిన పళ్ళేలు గుర్తొచ్చాయి. దీపాన్ని రెండు చేతులా ఎత్తుకుంది.

"కిటికీలో పెట్టకే. ఊరంతా చూస్తుంది," అంది ఎడ్నా.

"చూడనివ్వండి అత్తయ్యా. పోయినవాణ్ణి దాచిపెట్టకూడదు."

ఊరు చూసింది. దుప్పట్ల పిల్లలు కేకు ముక్కలు తీసుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయారు. పెద్దవాళ్ళు ఒక్క క్షణం ఆగి, తలవంచి కదిలారు. చెల్లెలి పిల్లల్ని తిప్పుతూ వచ్చిన క్లిఫర్డ్ మాత్రం కిటికీ ముందు నిలబడిపోయాడు. టోపీ తీశాడు. వెరా గుమ్మంలోకి వచ్చింది.

"ఎప్పుడు పోయాడో పాపం," అన్నాడు.

"ఈ ఏడాదే. నువ్వింకా ఆ మాట మీదే ఉన్నావా?"

"ఏ మాట?"

"తెలీనట్టు అడక్కు, క్లిఫర్డ్."

అతను టోపీని చేతుల్లో ఒకసారి తిప్పాడు. "ఉన్నాను," అన్నాడు.

వెరా కోటు తొడుక్కుని, జిల్‌ని దుప్పటి కప్పుకోమంది. చర్చి హాల్లో నీళ్ళ తొట్టెలో యాపిల్స్ వేసి, నోటితో పట్టే ఆట పెట్టారు. అక్కడికి అందరూ కలిసే బయల్దేరారు. పిల్లలు ముందు పరిగెత్తుతుంటే వాళ్ళిద్దరూ వెనక నెమ్మదిగా నడిచారు.

ఎడ్నా వెళ్ళలేదు. ఇల్లు సద్దుమణిగాక, వీధి వైపున్న మొహాన్ని తన వైపు తిప్పుకుంది. ఆ మొహాలు మాట్లాడవని స్కార్‌విక్‌లో చంటిపిల్లలకి కూడా తెలుసు. అయినా కుర్చీ దగ్గరికి జరుపుకుని, మీసం కింద మినుకుమంటున్న నోటికి చెవి ఆనించి, "అక్కడ నీకు పిల్లలున్నార్రా?" అని అడిగింది. కొవ్వొత్తి ఉన్నంతసేపూ అలాగే కూర్చుంది.